ఎన్ని కాన్పులమ్మా?

“పిల్లలెంతమందమ్మా?” అని అడిగితే ఎదురుగా కూర్చున్న పెద్దావిడ తడుముకోకుండా “ముగ్గురు” అంటుంది. “ఎన్ని కాన్పులమ్మా?” అని అడిగితే మాత్రం క్షణం ఆగి, వేళ్ళు మడిచి, “ఐదు” అంటుంది. ఆ రెండు జవాబుల నడుమ ఇద్దరు బిడ్డలున్నారు. ఒకడు ఒళ్ళంతా పాలిపోయి, పొట్ట ఎత్తుకొచ్చి, తిండి సయించక రెండేళ్ళు నిండకుండానే పోయాడు. అప్పట్లో కామెర్లన్నారు, పసరు పోయించారు. రెండోది ఏడో నెలలోనే పోయిన ఆడపిల్ల. ఇంట్లో వాళ్ళ ఊసెత్తే అలవాటు లేదు. పక్కన కూర్చున్న కోడలికి ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది. బల్లకవతల ఉన్న కౌన్సెలర్ ముఖంలో ఏ మార్పూ కనిపించదు. కాగితం మీద ఒక చిన్న చతురస్రం గీసి, దాని మీదుగా ఏటవాలుగా గీత కొడుతుంది. “బాబుకి అప్పుడు ఎన్నో నెల? రక్తం ఎక్కించారా?” అని నెమ్మదిగా తర్వాతి ప్రశ్నకు వెళుతుంది.

జెనెటిక్ కౌన్సెలింగ్ అంటే ల్యాబ్ నుంచి వచ్చిన రిపోర్టు చదివి వినిపించడం అని చాలామంది అనుకుంటారు. రిపోర్టు ఎవరైనా చదువుతారు. పరీక్షకు ముందే, ఒక ప్రశ్నను కాస్త మార్చి అడిగి, ముప్ఫై ఏళ్ళ కింద పోయిన బిడ్డను మళ్ళీ కుటుంబంలోకి తీసుకురావడం అందరికీ చేతకాదు. ఆ చేతి పని గురించే ఈ నాలుగు మాటలు. ఇందులో చెప్పే కుటుంబం ఏ ఒక్క ఇంటిదీ కాదు. ఇలాంటి గదుల్లో తరచూ కూర్చునే కుటుంబం ఎలా ఉంటుందో అలా అల్లుకున్నది: మేనత్త కొడుకును చేసుకున్న అమ్మాయి, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటున్న ఏడాదిన్నర కొడుకు, కడుపులో రెండో నెల బిడ్డ, వెంట అత్తగారు, భర్త. పిల్లవాడికి బీటా థలసేమియా మేజర్ అనే వారసత్వ రక్తవ్యాధి.

ఈ వృత్తి పుట్టుకను గబగబా చెప్పేస్తాను. ఆ పేరు పెట్టినవాడు షెల్డన్ రీడ్, 1947లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో. ఆయన పనిచేసిన డైట్ ఇన్‌స్టిట్యూట్‌ను నిలబెట్టింది చార్లెస్ డైట్ అనే వైద్యుడు వదిలివెళ్ళిన ఆస్తి. ఆ డైట్ ‘మంచి వంశాలే పెరగాలి, తక్కినవి తగ్గాలి’ అనే సిద్ధాంతం నెత్తికెత్తుకున్న మనిషి. అదే గూట్లో కూర్చుని రీడ్ దానికి ఎదురుదారి పట్టాడు: మనం సమాజాన్ని బాగుచేయడానికి లేము, ఎదురుగా ఉన్న ఇంటివాళ్ళకు సాయపడడానికి ఉన్నాం అన్నది ఆయన పద్ధతి. 1969లో న్యూయార్క్ రాష్ట్రంలోని సారా లారెన్స్ కాలేజీలో మెలిస్సా రిక్టర్ దీనికి మొదటి మాస్టర్స్ కోర్సు పెట్టింది. ‘ఇది చెయ్యి, అది వద్దు’ అనకూడదన్న నియమం ఈ వృత్తిలో అంత గట్టిగా పాతుకుపోవడానికి కారణం ఆ పాత మచ్చే. ఆ నియమం గురించి నాకు కొంత పేచీ ఉంది. తర్వాత చెబుతాను.

మన దగ్గర హైదరాబాద్‌లో, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన బేగంపేట జన్యు వ్యాధుల ఆసుపత్రి, నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం, డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ సంస్థ సీడీఎఫ్‌డీలో వ్యాధి నిర్ధారణ విభాగం ఈ రంగంలో పనిచేసే ప్రభుత్వ సంస్థలు. చాలాచోట్ల డాక్టరే జబ్బు తేలుస్తారు, వాళ్ళే కూర్చుని వివరిస్తారు. ఈ రెండో పనికే చదువుకున్న కౌన్సెలర్లు ఇప్పుడిప్పుడే కొన్ని ఆసుపత్రుల్లో కనిపిస్తున్నారు. జబ్బు తేల్చడం ఒక విద్య, తేలిన జబ్బును ఇంటివాళ్ళ చేతికి అందేలా చెప్పడం ఇంకో విద్య. ఓపీలో పాతికమంది లైన్లో ఉన్నప్పుడు రెండూ ఒకే మనిషి చేయాలంటే కోత పడేది ఎప్పుడూ రెండోదానికే.

ఇక వంశవృక్షం దగ్గరికి వద్దాం. కౌన్సెలర్ చేతిలో ఇది ముఖ్యమైన పనిముట్టు, దీనికి ఖర్చు ఒక తెల్లకాగితం. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం. జబ్బున్నవాళ్ళకు లోపలంతా నలుపు. పోయినవాళ్ళ మీద ఏటవాలు గీత. నిలవని గర్భానికి చిన్న త్రిభుజం. ఎవరి కోసం ఈ కాగితం మొదలైందో ఆ మనిషి పక్కన ఒక బాణం. భార్యాభర్తల మధ్య ఒక అడ్డగీత. వాళ్ళిద్దరూ రక్తసంబంధీకులైతే రెండు గీతలు. ఈ గుర్తులు అన్ని దేశాల్లోనూ దాదాపు ఒకటే కాబట్టి హైదరాబాద్‌లో గీసిన కాగితం లండన్‌లో డాక్టరు చూసినా అర్థమవుతుంది. తక్కువలో తక్కువ మూడు తరాలు గీయాలి.

గుర్తులు ఒక పూటలో నేర్చుకోవచ్చు. అడగడం నేర్చుకోవడానికే ఏళ్ళు పడతాయి. “మా అన్నకి కూడా ఇలాగే రక్తం తక్కువండీ” అంటాడు భర్త. కౌన్సెలర్ వెంటనే రాయదు. “సొంత అన్నయ్యా, పెదనాన్నగారి అబ్బాయా?” అని అడుగుతుంది. మన ఇళ్ళల్లో పెదనాన్న కొడుకూ అన్నే, పెద్దమ్మ కొడుకూ అన్నే. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే గీత ఒక కొమ్మ మీద పడాల్సింది ఇంకో కొమ్మ మీద పడుతుంది, లెక్క మొత్తం తప్పుతుంది. “మీది మేనరికమా?” అని నేరుగా అడగడం కన్నా “పెళ్ళికి ముందు నుంచే చుట్టాలా?” అని అడిగితే మనుషులు ఇబ్బంది పడకుండా చెబుతారు. “మా అత్తయ్య కొడుకేనండీ” అంటుంది అమ్మాయి. గీత పక్కన ఇంకో గీత పడుతుంది. అత్తగారి వైపు తిరిగి అదే ప్రశ్న అడిగితే, ఆవిడదీ మేనరికమే. మళ్ళీ రెండు గీతలు. ఇప్పుడు ఆవిడ పోగొట్టుకున్న బిడ్డ గురించి కౌన్సెలర్‌కు ఒక అనుమానం మొలుస్తుంది. కానీ ఏడో నెలలో పోయిన ఆడపిల్లను దీనికి ముడిపెట్టదు. దానికి వేరే కారణాలు వంద ఉండొచ్చు. దొరికిన ప్రతి దుఃఖాన్నీ ఒకే దారానికి గుచ్చేయాలన్న తొందర ఈ పనిలో పెద్ద ప్రమాదం, మంచి కౌన్సెలర్ దాన్ని ఆపుకుంటుంది.

ఇంకో విషయం గమనించాను. కాగితాన్ని తనవైపు తిప్పుకుని రహస్యంగా గీయదు. బల్ల మధ్యలో పెట్టి, అందరికీ కనిపించేలా గీస్తుంది. పది నిమిషాలయ్యేసరికి అత్తగారే ముందుకు వంగి “ఇది మా ఆడపడుచు కదూ, ఆవిడకి ఇంకో కొడుకున్నాడు రాయమ్మా” అంటుంది. అప్పటిదాకా ‘మా వంశంలో ఎవరికీ లేదు, ఈ పిల్ల వచ్చాకే’ అన్నట్టు కూర్చున్న మనిషి, గీతలు పైకి పాకి తన తల్లిదండ్రుల దాకా వెళ్ళడం తన కళ్ళతో తను చూస్తుంది. కోడలి తండ్రి ఆవిడకు సొంత తమ్ముడు. జబ్బు కారకం ఆ ముసలి దంపతుల్లో ఒకరి నుంచి ఇటు కూతురికీ అటు కొడుక్కీ దిగి, మూడో తరంలో మొగుడూ పెళ్ళాల రూపంలో మళ్ళీ ఒకచోట కలిసి ఉండొచ్చు. తప్పు కోడలిది కాదని కౌన్సెలర్ ఒక్కసారి కూడా అనదు. అనాల్సిన అవసరం ఉండదు. కాగితమే అనేస్తుంది.

తప్పు మోపడం మన దగ్గర చాలా పాత అలవాటు. పిల్లవాడికి పెదవి చీలి పుడితే ఆ జబ్బు పేరే గ్రహణం మొర్రి, అంటే తల్లి గ్రహణం నాడు బయటికి వచ్చిందన్న తీర్పు పేరులోనే ఉంది. అందుకని అనుభవమున్న కౌన్సెలర్ సైన్సు మొదలుపెట్టే ముందు “ఇది ఎందుకొచ్చిందని మీ ఇంట్లో అనుకుంటున్నారు?” అని అడుగుతుంది. దిష్టి, శాపం, గ్రహణం, తిన్న బొప్పాయి, ఎక్కిన మెట్లు, అన్నీ బయటికి వస్తాయి. ఎవరినీ వెక్కిరించదు. ఏ నమ్మకం ఎవరి మెడకు చుట్టుకుంటోందో చూసుకుని అక్కడి నుంచి మొదలుపెడుతుంది. డుషేన్ కండర క్షీణత విషయంలో ఇది మరీ కష్టం. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, కాబట్టి జబ్బు ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది, వచ్చినప్పుడు చాలాసార్లు తల్లి వైపు నుంచే వస్తుంది. దాదాపు మూడోవంతు పిల్లల్లో మాత్రం తల్లికి ఏ లోపమూ లేకుండా కొత్తగానే పుడుతుంది. “తల్లి నుంచి వచ్చింది” అన్న మూడు మాటలు గదిలో పడ్డాక కాపురం ఏమవుతుందో తెలిసిన మనిషి ఆ వాక్యాన్ని అలా వదిలేయదు. జన్యువులో వచ్చిన మార్పు ఏ మనిషి చేసినదీ కాదని, ప్రతి మనిషి ఒంట్లోనూ ఇలాంటివి కొన్ని నిద్రపోతూ ఉంటాయని ముందు చెప్పి, తర్వాత తల్లి పరీక్ష మాట ఎత్తుతుంది. తల్లి రక్తంలో ఏమీ లేదని తేలినా “ఇక భయమే లేదు” అనదు. అండాల్లో కొన్నింట్లో మాత్రమే ఆ మార్పు దాగి ఉండే అవకాశం కొంత ఉంటుంది. ధైర్యం చెప్పడానికి అబద్ధం కలపకపోవడం కూడా పనితనమే.

అంకెల దగ్గర ఈ విద్య ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ థలసేమియా వాహకులైతే, అంటే జబ్బు లేకుండా దాని కారకం మాత్రం ఒంట్లో ఉన్నవాళ్ళయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. చెప్పడానికి అర నిమిషం. వినగానే అత్తగారు తేలిగ్గా ఊపిరి పీలుస్తుంది: “ఒకడికి వచ్చేసింది కదమ్మా, ఇక తర్వాతి ముగ్గురికీ రాదుగా?” ఆవిడ తెలివితక్కువది కాదు. ఆ వాక్యం విన్నవాళ్ళలో సగంమంది లోపల అనుకునేది అదే. మంచి కౌన్సెలర్ అంకెను మళ్ళీ గట్టిగా చెప్పదు. సొరుగులోంచి రెండు రూపాయి బిళ్ళలు తీసి భార్యాభర్తల చేతుల్లో పెడుతుంది. “మీ ఇద్దరి దగ్గరా ఆ జన్యువు రెండేసి ప్రతులున్నాయి. ఒకటి మంచిది, బొమ్మ అనుకోండి. ఒకటి పనిచేయనిది, బొరుసు. బిడ్డకు మీరు చెరొకటి ఇస్తారు. రెండూ బొరుసులైతే జబ్బు. వేయండి.” వేస్తారు. బొరుసు, బొరుసు. మళ్ళీ వేయమంటుంది. ఒక్కోసారి మళ్ళీ అదే పడుతుంది. అప్పుడు భర్త ముఖం చూడాలి. ఇందాక ఏం పడిందో నాణేనికి గుర్తుండదన్న సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మేనరికాల విషయంలోనూ అంతే. తెలుగువాళ్ళలో ఇప్పటికీ రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు గణనీయంగానే జరుగుతున్నాయి. పత్రికల్లో “మేనరికంతో ముప్పు రెట్టింపు” అని రాస్తారు. అది అబద్ధం కాదు గానీ సగం నిజం. ఏ చుట్టరికమూ లేని దంపతులకు పుట్టే బిడ్డల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. కుటుంబంలో తెలిసిన జబ్బేదీ లేని మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్ళి అయితే అది సుమారు నాలుగు నుంచి ఆరుకు పెరుగుతుంది. రెట్టింపే. కానీ నూటికి తొంభై నాలుగు మందికి పైగా బాగానే పుడతారన్నది కూడా అదే లెక్క. రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చెప్పినప్పుడే విన్నవాళ్ళకు అసలు పరిమాణం తెలుస్తుంది. సొంత మేనమామను చేసుకుంటే ఉమ్మడి జన్యువులు ఇంకా ఎక్కువ, ముప్పూ ఎక్కువ. మన ఈ కుటుంబంలో లాగా జబ్బు ఉన్నట్టు ముందే తెలిసిన ఇంట్లో ఈ సగటు లెక్కలు పనికిరావు, అక్కడ నాలుగింట ఒకటే లెక్క. ఏ అంకె ఎవరికి వర్తిస్తుందో విడదీసి చెప్పడంలోనే నిపుణురాలికీ వాట్సాప్ ఫార్వర్డుకూ తేడా తెలుస్తుంది.

ఆ ఇంట్లో పరీక్షల మాటకొస్తే, థలసేమియా వాహకులను పట్టే మొదటి పరీక్ష చవకైనదే. హీమోగ్లోబిన్ ఏ2 శాతం మూడున్నర దాటితే అనుమానించాలి. ఇక్కడొక కిటుకుంది. మనిషిలో ఐరన్ బాగా తక్కువుంటే ఆ ఏ2 అంకె కిందికి దిగి, వాహకులు కూడా మామూలు మనుషుల్లా కనిపించవచ్చు. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే. అంచు మీదున్న అంకె చూసి “నార్మల్” అని పంపేయకుండా, ఐరన్ సంగతి చూసి, కావలిస్తే మళ్ళీ చేయించేవాళ్ళ వల్ల ఎన్ని ఇళ్ళు బయటపడ్డాయో లెక్క ఎవరూ రాయరు. కడుపులో బిడ్డకు పరీక్ష చేయాలంటే ముందు తల్లిదండ్రుల్లో ఉన్న మార్పు ఏదో దొరకాలి. ఆ తర్వాత పదకొండు, పద్నాలుగు వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీస్తారు. అది దాటితే పదహారో వారం ప్రాంతంలో ఉమ్మనీరు. గర్భం తొలగించాలన్న నిర్ణయానికి ఇరవై వారాలు దాటితే ఒక రకం నిబంధనలు, ఇరవైనాలుగు దాటితే మెడికల్ బోర్డు. రెండో నెలలోనే వచ్చిన ఈ అమ్మాయికి టైముంది. చాలామంది ఐదో నెల స్కాన్ చేతిలో పట్టుకుని వస్తారు. వాళ్ళకు కౌన్సెలర్ దగ్గర కరుణ ఉంటుంది గానీ వారాలు ఉండవు.

ఈ దారిలో చట్టం కూడా బల్ల పక్కనే కూర్చుని ఉంటుంది. 1994 నాటి గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం తల్లికి అర్థమయ్యే భాషలో రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి, దాని ప్రతి ఆమెకు ఇవ్వాలి. ఆడో మగో మాటతోనైనా సైగతోనైనా చెప్పకూడదు. డుషేన్ లాంటి జబ్బులో బిడ్డ ఆడా మగా అన్నదే లెక్కలో సగం, అయినా బయటికి చెప్పేది జబ్బు వచ్చేదా కాదా అన్నంతవరకే. గంటసేపు మాట్లాడుతూ, కడుపులోని బిడ్డ గురించి ఒక్కసారి కూడా “బాబు” అనో “పాప” అనో నోరు జారకుండా, మొదటి నుంచి చివరిదాకా “బిడ్డ” అనే మాట మీదే నడవడం ఎంత సాధనో ఒకసారి మీరు ప్రయత్నించి చూడండి.

ఇప్పుడు ‘ఇది చెయ్యి, అది వద్దు’ అనకూడదన్న నియమంతో నాకున్న పేచీ సంగతి. “మా స్థానంలో మీరుంటే ఏం చేస్తారమ్మా?” అని మనవాళ్ళు తప్పకుండా అడుగుతారు. అమెరికా పాఠ్యపుస్తకం నేర్పింది ‘నిర్ణయం మీదే’ అనడం. మన దగ్గర ఆ మాట విన్న మనిషి ‘చెప్పడం ఇష్టం లేదు కాబోలు’ అనుకుని బయటికి వచ్చి, చెప్పడానికి వెనకాడనివాళ్ళను, అంటే మందుల షాపువాడినో పక్కింటి టీచరునో అడుగుతుంది. తప్పించుకునే మౌనం, గౌరవించే మౌనం పైకి ఒకేలా కనిపిస్తాయి. ఈ గదుల్లో నన్ను బాగా ఆకట్టుకున్న పద్ధతి ఈ రెంటికీ మధ్యది. కౌన్సెలర్ అంటుంది: “మా ఇల్లు వేరు, మీ ఇల్లు వేరు కదమ్మా. ముందు ఇది చెప్పండి. బాబును రక్తానికి ఎవరు తీసుకెళ్తున్నారు? ఆ రోజు కూలి పోతోందా? ఇంకో బిడ్డకూ అదే అవసరమైతే ఇంట్లో ఎవరెవరు ఏం చేయగలరు? లేదు, తీసేయాలనుకుంటే, ఏడాది తర్వాత దాన్ని తలుచుకుని మీ మనసు ఎలా ఉంటుందనుకుంటున్నారు?” ఒక్కో జవాబునూ వింటుంది. చివర్లో వాళ్ళు చెప్పినవే వరసలో పెట్టి వాళ్ళకే వినిపిస్తుంది. చాలాసార్లు నిర్ణయం అప్పటికే వాళ్ళ మాటల్లో ఉండి ఉంటుంది.

అదీ ఎవరి మాటల్లో అన్నది ఇంకో మెలిక. అత్తగారు, భర్త మాట్లాడుతూనే ఉంటారు. అమ్మాయి కొంగు అంచు తిప్పుకుంటూ కూర్చుంటుంది. “కొన్ని ఆరోగ్యం ప్రశ్నలు తనను ఒక్కదాన్నే అడగాలండీ, మీరు ఒక ఐదు నిమిషాలు బయట టీ తాగి రండి” అని కౌన్సెలర్ మర్యాదగా గది ఖాళీ చేయిస్తుంది. మన గర్భస్రావ చట్టం అడిగేది యుక్తవయసు వచ్చిన స్త్రీ సొంత అంగీకారం ఒక్కటే, భర్తది కాదు. ఆ సంగతి ఉపన్యాసంలా చెప్పదు. తలుపు మూసుకున్నాక, “నీకేమనిపిస్తోందమ్మా?” అని అడిగి ఊరుకుంటుంది. ఊరుకోవడమే అక్కడ పని. ఆ మౌనాన్ని ఏదో ఒక మాటతో నింపేయకుండా ఉండగలగడం కొత్తవాళ్ళకు చాలా ఆలస్యంగా అబ్బుతుందట.

తెలుసుకోకుండా ఉండే హక్కును కూడా ఈ వృత్తి గట్టిగా కాపాడింది. మెదడును క్రమంగా దెబ్బతీసే హంటింగ్టన్ వ్యాధి జన్యువుకు దారి చూపే గుర్తు 1983లో, జన్యువు 1993లో దొరికాయి. ఆ అన్వేషణను నడిపినవాళ్ళలో ఒకరు నాన్సీ వెక్స్‌లర్. ఆమె తల్లి ఆ జబ్బుతోనే పోయింది. అంటే నాన్సీకీ సగానికి సగం అవకాశం. లోకానికి పరీక్ష తెచ్చిపెట్టడానికి పాటుపడిన ఆమె తన సంగతి చాలా ఏళ్ళు లోకానికి చెప్పలేదు. తనకూ ఆ జబ్బుందని 2020లో బయటపెట్టింది. ఈ పరీక్షకు వెళ్ళినవాళ్ళతో ముందు కొన్ని విడతలు మాట్లాడతారు. ఫలితం ఫోన్లో చెప్పరు. తోడు ఒకరిని తెచ్చుకోమంటారు. కవరు బల్ల మీద ఉన్నాక కూడా “వద్దు, విప్పకండి” అని లేచి వెళ్ళిపోవచ్చు. అలా వెళ్ళిపోయినవాళ్ళను పిరికివాళ్ళుగా చూడని పద్ధతి వైద్యంలో ఇంకెక్కడైనా ఉందా అంటే నాకు తట్టలేదు.

అసలు పరీక్షకు ముందే చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఒకటుంది: జవాబు ‘ఉంది’, ‘లేదు’ కాకుండా ‘తెలియదు’ అని కూడా రావచ్చు. జన్యువులో కనిపించిన మార్పులను హాని చేసేవాటి నుంచి హాని చేయనివాటి దాకా ఐదు మెట్లుగా విభజిస్తారు. నడిమి మెట్టు పేరే ‘అర్థం తేలని మార్పు’. రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే బీఆర్‌సీఏ జన్యువుల్లో ఇలాంటిది కనిపించగానే, రిపోర్టు మీద ఆ పేరు చూసి ఆపరేషన్‌కు సిద్ధమయ్యేవాళ్ళున్నారు. ఆగమని చెప్పేది కౌన్సెలరే. తర్వాత కాలంలో తిరిగి తేల్చినప్పుడు ఇలాంటివాటిలో ఎక్కువ భాగం హాని లేనివిగానే మారుతున్నాయి. భారతీయుల జన్యు సమాచారం ప్రపంచ పట్టికల్లో తక్కువ ఉండడం వల్ల మనకు ఈ ‘తెలియదు’ ఎక్కువగా వస్తుంది. పదివేలమంది జన్యుక్రమాలతో జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో విడుదలైంది కాబట్టి ఈ లోటు కొంత తీరాలి.

తెలిస్తే ఎంత మేలో చెప్పడానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. ఆపరేషన్‌కు మత్తిచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే సక్సినైల్‌కోలిన్‌ను, థియేటర్లో స్కోలిన్ అని పిలిచే మందును, రక్తంలోని ఒక ఎంజైము నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైము లోపించినవాళ్ళకు గంటలపాటు ఊపిరి తిరిగి రాదు, వెంటిలేటర్ మీద ఉంచాలి. ఈ లోపం వైశ్య కుటుంబాల్లో తక్కినవాళ్ళకన్నా ఎక్కువని పరిశోధకులు గుర్తించారు. కారణం అపచారమూ కాదు, ఆహారమూ కాదు. కొద్దిమంది పూర్వీకుల నుంచి తరతరాలుగా లోపల్లోపలే పెళ్ళిళ్ళు జరగడం. ఒక ఇంట్లో ఒకరికి బయటపడితే కౌన్సెలర్ చేసే పని చిన్నది: తోడబుట్టినవాళ్ళకు పరీక్ష చెప్పి, మత్తు డాక్టరుకు చూపించడానికి ఒక కార్డు రాసిస్తుంది. అంతే, ప్రాణం నిలుస్తుంది.

కార్డు అనగానే ఇంకోటి గుర్తొస్తుంది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ ఏడు కోట్లమందికి పరీక్షలు చేసి కార్డులివ్వాలని పెట్టుకుంది. పాడేరు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాలకు ఇది అవసరమే. కాకపోతే ‘వాహకురాలు’ అని రాసిన కార్డు ఒక అమ్మాయి చేతిలో పెట్టి, అది జబ్బు కాదని, ఇంకో వాహకుడితో పెళ్ళయితేనే బిడ్డలకు జబ్బు వచ్చే ముప్పు గురించి ఆలోచించాలని వాళ్ళ భాషలో కూర్చుని చెప్పే మనిషి లేకపోతే, ఆ కార్డు సంబంధాలు చెడగొట్టే కాగితం అవుతుంది. రక్తం తీయడానికి బడ్జెట్ ఉంటుంది, మాట్లాడడానికి ఉండదు. నా ఫిర్యాదు అదొక్కటే.

మన గదిలో మాట ముగిసే వేళకు కౌన్సెలర్ ఒక చివరి పని చేస్తుంది. “అర్థమైందా?” అని అడగదు. అడిగితే అందరూ తలూపుతారు. “ఇంటికెళ్ళాక మామగారికి ఇదంతా ఎలా చెబుతారు, ఒకసారి నాకు చెప్పండి” అంటుంది. భర్త మొదలుపెట్టి మధ్యలో తడబడితే, సరిగ్గా అక్కడి నుంచి మళ్ళీ చెబుతుంది. ఫలితం వచ్చిన రోజు పాఠంతో మొదలుపెట్టదు. మొదటి వాక్యంలోనే బిడ్డకు జబ్బు ఉందో లేదో చెప్పి, తర్వాత ఆగుతుంది. క్రోమోజోములు ఎన్ని జతలో ఆ తర్వాత ఎప్పుడైనా చెప్పొచ్చు.

మీ ఇంట్లో ఎవరైనా జన్యు పరీక్షకు వెళుతుంటే, రక్తం ఇచ్చే ముందు మూడు తరాల వివరాలు ఒక కాగితం మీద రాసుకోండి, పోయిన బిడ్డలతో సహా. హీమోగ్లోబిన్ ఏ2 పరీక్షను కడుపు పండాక కాదు, పెళ్ళి మాటలప్పుడో, కాకపోతే పిల్లల గురించి అనుకున్నప్పుడో చేయించండి. రిపోర్టు ఫోన్‌కు పీడీఎఫ్‌గా పంపేస్తామంటే, దాన్ని వివరించేది ఎవరని అడగండి. “మీ డాక్టరుకు చూపించుకోండి” అన్నది ఒక్కటే జవాబైతే ఇంకో చోటికి వెళ్ళండి.